ఆ మీసాల కల్నల్ ఎవరండీ?

(ఒక ఫిల్మ్ క్లబ్ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, రెండో వరసలో కుర్చీలున్నాయి. మైకు కాస్త గరగరలాడుతోంది. పర్వాలేదు, ఇవాళ మనం మాట్లాడుకోబోయే మనిషి మైకు లేని రోజుల్లో గొంతు సాధన చేసినవాడే.

పోయిన నెల 'రెబెక్కా' వేసుకున్నాం కదా. ఆట అయ్యాక అందరూ ఆ నల్లగౌను మిసెస్ డాన్‌వర్స్ గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ మాత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "అది సరే మాస్టారూ, ఆ మీసాల కల్నల్ ఎవరండీ? ఎక్కడో చూసినట్టే ఉంది" అన్నారు. పేరు చెప్పాను. ఆయన ఇంగ్లండ్ క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా కూడా చేశాడని చెప్పాను. ఆవిడ నా వైపు చూసిన చూపు చూస్తే, నేనేదో కోతలు కోస్తున్నానని అనుకున్నట్టుంది. ఆవిడ ఇవాళ కూడా వచ్చారు, అదిగో కిటికీ పక్కన. అమ్మా, ఈ ప్రసంగం నా నెత్తిన పడటానికి కారణం మీరే. (నవ్వులు)

పేరు చార్లెస్ ఆబ్రే స్మిత్. తెర మీద సి. ఆబ్రే స్మిత్ అని పడుతుంది. 1863 జులై 21న లండన్‌లో పుట్టాడు. ఆ ఏడు గుర్తుపెట్టుకోండి. మనం చూసిన 'రెబెక్కా' 1940 నాటిది. అంటే ఆ కల్నల్ జూలియన్ వేషం వేసేనాటికి ఆయనకి డెబ్బై ఆరు. సినిమా అనేది పుట్టకముందే ముప్పై ఏళ్లు బతికేసిన మనిషి అన్నమాట.

తండ్రి డాక్టరు. చార్టర్‌హౌస్ స్కూల్లో చదివి కేంబ్రిడ్జ్‌కి వెళ్లాడు. అక్కడ చదువు సంగతేమో గానీ బంతి మాత్రం బాగా వేశాడు. ఫాస్ట్ బౌలర్. ఆయన రనప్ ఒక వింత. మామూలుగా బౌలర్ తిన్నగా పరిగెత్తుకొస్తాడు కదా, ఈయన పిచ్‌కి పక్కగా ఎక్కడో ఫీల్డర్ నిలబడే మిడాఫ్ దగ్గర మొదలుపెట్టి వంపు తిరిగి వచ్చేవాడు. కొన్నిసార్లు అంపైర్ వెనక నుంచి ఊడిపడేవాడు. బ్యాట్స్‌మన్‌కి బంతి కంటే ముందు బౌలరే పెద్ద షాకు. అందుకే 'రౌండ్ ద కార్నర్ స్మిత్' అని పేరొచ్చింది. సందు మలుపు స్మిత్ అనుకోండి. ససెక్స్ కౌంటీకి కెప్టెన్‌గా చేశాడు. మొత్తం 143 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 346 వికెట్లు.

1888 చలికాలంలో ఒక ఇంగ్లిష్ జట్టు దక్షిణాఫ్రికా వెళ్లింది. కెప్టెన్ స్మిత్. 1889 మార్చిలో పోర్ట్ ఎలిజబెత్‌లో ఒక మ్యాచ్. స్మిత్ మొదటి ఇన్నింగ్స్‌లో 19 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, రెండోదాంట్లో ఇంకో రెండు. రెండు రోజుల్లో ఆట ముగిసింది, ఎనిమిది వికెట్ల తేడాతో వీళ్లే గెలిచారు. ఆడుతున్నవాళ్లకి అది టెస్ట్ మ్యాచ్ అని తెలియదు. తర్వాతెప్పుడో లెక్కల్లోకి ఎక్కించారు. అలా దక్షిణాఫ్రికా ఆడిన మొట్టమొదటి టెస్టులో ఎదుటి కెప్టెన్ మన కల్నల్. రెండో టెస్టుకి జ్వరంతో పడుకున్నాడు. ఆ తర్వాత టెస్టు ఆడనే లేదు. ఆడింది ఒక్కటే టెస్టు, దానికే కెప్టెన్, గెలుపు. అమ్మా, ఇప్పుడు నమ్ముతారా? (నవ్వులు)

జట్టు ఓడ ఎక్కి వెళ్లిపోయింది, ఈయన వెళ్లలేదు. జొహన్నెస్‌బర్గ్‌లో బంగారం పడిన రోజులవి. ఊరంతా పిచ్చెక్కినట్టు ఉండేది. జట్టులోనే ఉన్న మాంటీ బౌడెన్‌తో కలిసి షేర్ల వ్యాపారం పెట్టాడు. బంగారం దొరకలేదు గానీ న్యుమోనియా దొరికింది. ఒక దశలో మనిషి పోయాడని చెప్పేశారు కూడా. పోయిన మనిషి లేచి ఇంగ్లండ్ తిరిగొచ్చి 1892లో నాటకాల్లో చేరాడు. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది.

నాటకాల్లోకి ఎందుకు వచ్చాడని అడుగుతారు. నా ఉద్దేశంలో పెద్ద కారణాలు వెతకక్కర్లేదు. క్రికెట్ అమెచ్యూర్‌లకి డబ్బులు రావు, షేర్లు ముంచాయి. మనిషి ఆరడుగులు దాటి ఉన్నాడు, గొంతు ఉంది. తిరుగుడు కంపెనీల్లో ఊరూరా ఆడి, 1895లో లండన్ గ్యారిక్ థియేటర్ ఎక్కాడు. మరుసటేడు 'ప్రిజనర్ ఆఫ్ జెండా' నాటకంలో ఆడాడు. ఈ నాటకాన్ని కాస్త పక్కన పెట్టుకుందాం, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. 1903లో న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్వే. అక్కణ్ణించి దాదాపు ముప్పై ఏళ్లు అట్లాంటిక్‌కి అటూ ఇటూ నాటకాలే. పెద్దింటి తండ్రులు, మిలిటరీ వాళ్లు, లార్డులు. పెద్ద స్టార్ ఏమీ కాలేదు. కానీ ఖాళీగా కూర్చున్న రోజూ లేదు. మధ్యలో 1915 నుంచే మూకీ సినిమాల్లో కూడా వేశాడు. వాటి గురించి చెప్పుకోడానికి అంతగా ఏమీ లేదు. ఆ మనిషి దగ్గరున్న అసలు ఆస్తి గొంతు. మూకీలో ఆ ఆస్తికి విలువ సున్నా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను.

మన నాటక పరిషత్తుల్లో ఆడినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. పద్యం ఎత్తుకుంటే చివరి బెంచీ దాకా వినపడాలి, అదే మనకి మొదటి పాఠం. లండన్‌లోనూ అంతే. మైకు లేదు. పై గ్యాలరీలో చవక టిక్కెట్టు కొన్నవాడికి కూడా మాట అందాలి, అదీ అరిచినట్టు ఉండకూడదు. రోజూ రాత్రి అదే పని, ముప్పై ఏళ్లు. అలాంటి గొంతు ఎలా తయారవుతుందో ఊహించండి. పాత టేకు తలుపు కిర్రుమనకుండా తెరుచుకున్నట్టుంటుంది.

1927లో టాకీ వచ్చింది. ఒక్కసారిగా హాలీవుడ్‌లో టెన్షన్ పట్టుకుంది. ముఖాలు చూసి తీసుకున్న నటుల్లో ఎందరికి మాట వచ్చో, ఎందరి మాట వినసొంపుగా ఉందో ఎవరికీ తెలియదు. స్టూడియోల వాళ్లు న్యూయార్క్ నాటక రంగం మీద పడ్డారు. మాట్లాడటం వచ్చినవాళ్లు కావాలి! మన దగ్గరా టాకీ వచ్చిన కొత్తలో సురభి వాళ్లనీ నాటక కంపెనీల వాళ్లనీ వెతుక్కోలేదూ? అదే కథ.

1928లో డేవిడ్ బెలాస్కో 'ది బ్యాచిలర్ ఫాదర్' అనే నాటకం బ్రాడ్వేలో వేశాడు. పెళ్లి కాని ముసలి ఇంగ్లిష్ దొర ఒకడు తనకి అక్కడక్కడా పుట్టిన పిల్లల్ని పెద్దయ్యాక పిలిపించుకుంటాడు. ఆ దొర వేషం స్మిత్‌ది. నాటకం బాగా ఆడింది. ఎంజీఎం స్టూడియో దాన్ని మారియన్ డేవిస్ హీరోయిన్‌గా సినిమా తీస్తూ, తండ్రి వేషానికి నాటకంలో వేసినాయన్నే రమ్మంది. సినిమా 1931లో వచ్చింది. అప్పటికి స్మిత్‌కి అరవై ఏడు. మన ఊళ్లో ఆ వయసుకి పెన్షన్ కాగితాలు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాం. ఆయనకి కెరీర్ మొదలైంది.

ఆ తర్వాత జోరు చూడండి. 1932లో 'టార్జాన్ ది ఏప్ మ్యాన్', జేన్ తండ్రి ఈయనే. 'క్వీన్ క్రిస్టినా'లో గ్రేటా గార్బో పక్కన ముసలి నౌకరు. 'ది హౌస్ ఆఫ్ రోత్‌షైల్డ్'లో వెల్లింగ్టన్ డ్యూక్. సెసిల్ బి. డెమిల్ 'క్లియోపాత్రా'లో ఆంటోనీ నమ్మకస్తుడు ఎనోబార్బస్. 1934 ఒక్క ఏడాదిలోనే ఏడుకి తక్కువ కాకుండా సినిమాలున్నాయి. పేర్లన్నీ చదివితే మీరు లేచి టీకి వెళ్తారు, కాబట్టి చదవను.

ఒక్కదాని గురించి మాత్రం చెప్పాలి. 1933లో 'మార్నింగ్ గ్లోరీ'. క్యాథరిన్ హెప్‌బర్న్‌కి మొదటి ఆస్కార్ తెచ్చిన సినిమా. పల్లెటూరి నుంచి నాటకాల పిచ్చితో న్యూయార్క్ వచ్చిన పిల్ల, ప్రొడ్యూసర్ ఆఫీసులో కూర్చుని గడగడా వాగుతూ ఉంటుంది. పక్కనే ఒక ముసలి రంగస్థల నటుడు ఉంటాడు. ఆ పిల్ల ఆయన్నే నటన నేర్పమని అడుగుతుంది. ఆ ముసలాయన స్మిత్. అందులో ఆయన చేసింది ఏమిటి? వినడం. అంతే. హెప్‌బర్న్ ముఖం, చేతులు, గొంతు అన్నీ ఒకేసారి పరిగెడుతుంటాయి. ఈయన కదలడు. కనురెప్పలు సగం వాల్చి, తల కొంచెం వంచి వింటుంటాడు. ఆ పిల్ల మాటల్లో ఏది నిజమో ఏది గొప్పలో మనకి ఆయన ముఖం చూస్తేనే తెలుస్తుంది.

నాటకాల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది తెర మీద చేసిన తప్పు ఏమిటంటే, గ్యాలరీని మర్చిపోలేకపోవడం. కెమెరా మూడడుగుల దూరంలో ఉన్నా చివరి బెంచీకి నటిస్తారు. స్మిత్ అలా చేయలేదు. గొంతు తగ్గించుకున్నాడు, కానీ ఆ గొంతు వెనక ఇంకా బోలెడు ఉందని మనకి తెలుస్తూనే ఉంటుంది. పెద్ద చెరువుకి చిన్న తూము తెరిచినట్టు. ఆయన్ని నేను మంచి నటుడు అనేది అందుకే. మీసాలకీ ఆ పొదల్లాంటి కనుబొమ్మలకీ కాదు.

అయితే ఆయన మీద ఒక ఆరోపణ ఉంది, దాన్ని దాచిపెట్టి పొగడటం నాకిష్టం లేదు. ఎప్పుడూ ఒకే వేషం. ముసలి, నిటారు, ఇంగ్లిష్. పేరు మారుతుంది, కోటు మారుతుంది, మనిషి మారడు. మన గుమ్మడి గారు గుండె మీద చెయ్యేస్తే హాల్లో సగం మంది "అయిపోయింది" అనేవారు చూడండి, అలాగ స్మిత్ తలుపు తీసుకుని లోపలికి వస్తే అమెరికన్ ప్రేక్షకుడికి ఇది ఇంగ్లండ్ అని తెలిసిపోయేది. సెట్టు కట్టే ఖర్చు మిగిలేది. దీన్ని తప్పంటారా? నేనైతే సగమే ఒప్పుకుంటాను. క్యారెక్టర్ ఆర్టిస్టు అంటేనే ఆ పని. హీరో కథ నడుపుతాడు, క్యారెక్టర్ ఆర్టిస్టు ఆ కథ ఏ ఊళ్లో జరుగుతోందో నమ్మిస్తాడు. 'ప్రిజనర్ ఆఫ్ జెండా'ని 1937లో సినిమాగా తీసినప్పుడు కల్నల్ జాప్ట్ వేషం ఈయనకిచ్చారు. నాటకంలో ఆడిన నలభై ఏళ్ల తర్వాత! దుర్మార్గుడు బ్లాక్ మైకేల్‌గా రేమండ్ మాస్సీ. ఆయనకి తన పాత్ర అంతుపట్టక పెద్దాయన్ని సలహా అడిగాడట. స్మిత్ వినికిడి యంత్రం సర్దుకుని, "బాబూ, ఈ నాటకంలో యువరాణి ఫ్లావియా తప్ప అన్ని వేషాలూ వేశాను. ఆ బ్లాక్ మైకేల్‌తో నాకెప్పుడూ ఇబ్బందే" అన్నాడని చెప్పుకుంటారు. (నవ్వులు)

ఇక మీరు ఎదురుచూస్తున్నది, హాలీవుడ్ క్రికెట్. 1932లో ఈయన హాలీవుడ్ క్రికెట్ క్లబ్ పెట్టాడు. గ్రిఫిత్ పార్క్‌లో మైదానం. పచ్చిక సరిగ్గా ఉండాలని గడ్డి విత్తనాలు ఇంగ్లండ్ నుంచి తెప్పించారు. సభ్యులు ఎవరనుకున్నారు? ఫ్రాంకెన్‌స్టైన్ భూతం వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ ఒకడు. డేవిడ్ నివెన్ ఉన్నాడు. నవ్వుల రచయిత పి.జి. ఉడ్‌హౌస్ ఉన్నాడు. అదే ఏడాది ఆస్ట్రేలియా జట్టు అమెరికా, కెనడా తిరుగుతూ హాలీవుడ్‌లోనూ ఆడింది. ఆ జట్టులో కొత్తగా పెళ్లైన డాన్ బ్రాడ్‌మన్ ఉన్నాడు.

ఇంగ్లండ్ నుంచి ఏ కుర్ర నటుడు దిగినా ఈయన వదిలేవాడు కాదు. లారెన్స్ ఒలివియర్ హోటల్లో దిగేసరికి గదిలో చీటీ ఉందని ఒక కథ. రేపు సాయంత్రం నాలుగింటికి నెట్ ప్రాక్టీసు, తప్పకుండా వస్తావనుకుంటున్నాను, అని. ఇంకో కథ మీలో కొందరు వినే ఉంటారు. ముసలితనంలో స్లిప్‌లో నిలబడి క్యాచ్ వదిలేశాడట. ఆట ఆపించి నౌకరుని పిలిచి కళ్లజోడు తెమ్మన్నాడు. వాడు వెండి పళ్లెంలో పెట్టి తెచ్చాడు. పెట్టుకున్నాడు. మళ్లీ బంతి నేరుగా చేతుల్లోకి, మళ్లీ వదిలేశాడు. జోడు తీసి చూసి, "వెధవ, చదువుకునే కళ్లజోడు తెచ్చాడు!" (నవ్వులు) ఇలాంటివి చెప్పినకొద్దీ పెరుగుతాయని మనకి తెలుసు, అయినా ఈ ఒక్కటి నేను వదులుకోను.

ఆయన ఇల్లు బెవర్లీ హిల్స్ దగ్గర కోల్డ్‌వాటర్ క్యాన్యన్‌లో. ఇంటి పేరు కూడా రనప్ పేరే, 'ది రౌండ్ కార్నర్'. గాలి ఎటు వీస్తుందో చూపించే సూచికకి కోడిపుంజు బొమ్మ బదులు మూడు స్టంపులు, బ్యాటు, బంతి పెట్టించాడు. నాకు తెర మీది మనిషీ తెర బయటి మనిషీ ఎక్కడ విడిపోతారో ఇక్కడే అర్థం కాకుండా పోతుంది. కాలిఫోర్నియా ఎండలో కూర్చుని ఆయన కట్టుకున్న ఇంగ్లండ్, ఇంగ్లండ్‌లోనే అప్పటికి కరిగిపోతోంది. అది విక్టోరియా రాణి నాటిది. ఆ పాత ఇంగ్లండ్‌నే స్టూడియోలు కొన్నాయి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి. ఆ, మంచి ప్రశ్న. మైకు అందలేదు కాబట్టి నేనే చెప్తాను: "ఆ దొరల సినిమాల్లో మనవాళ్లని ఎలా చూపించారు?"

చెప్పాల్సిందే, తప్పించుకోను. 1935లో 'ది లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్'. గ్యారీ కూపర్ హీరో. వాయవ్య సరిహద్దుల్లో బ్రిటిష్ రెజిమెంటు కథ. స్మిత్ మేజర్ హామిల్టన్. కొండలన్నీ కాలిఫోర్నియావే, చాలావరకు లోన్ పైన్ దగ్గర తీశారు. విలన్ మహమ్మద్ ఖాన్‌గా వేసినవాడు డగ్లస్ డంబ్రిల్, కెనడా మనిషి. ఎమీర్ వేషం అకిమ్ తమిరాఫ్‌ది, రష్యన్ సామ్రాజ్యంలో పుట్టినవాడు. మనవాళ్లు ఉన్నది గుంపులోనే. అదే ఏడాది 'క్లైవ్ ఆఫ్ ఇండియా'లో స్మిత్ ప్రధానమంత్రి వేషం వేశాడు. క్లైవ్ అంటే మనకి ఎవరు? కల్నల్ ఫోర్డ్‌ని పంపించి 1759లో ఫ్రెంచివాళ్ల చేతిలోని మచిలీపట్నం కోట పట్టించినవాడు, 1765లో మొగలు పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి, ఫర్మానా రాయించుకున్నవాడు. మన తాతముత్తాతల భూమి శిస్తు ఎవరికి కట్టాలో మార్చేసిన మనిషి. ఆ సినిమాలో ఆయన ఒక ప్రేమకథలో బాధపడే హీరో.

కాబట్టి స్మిత్‌ని చూస్తూ మురిసిపోయేటప్పుడు నాకు గొంతులో చిన్న ముల్లు కూడా ఉంటుంది. ఆ నిటారు వీపు, ఆ దయగల పెద్దరికం, ఇవే కదా సామ్రాజ్యానికి అందమైన ముసుగు. ఆయన దురుద్దేశంతో వేశాడని నేననను. నమ్మే వేశాడు, అందుకే అంత బాగా పండింది. మీకు కోపం వస్తే న్యాయమే.

కానీ ఒక్క సినిమా ఉంది. దానికోసమే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టాను. 1939లో లండన్‌లో అలెగ్జాండర్ కోర్డా నిర్మించిన 'ది ఫోర్ ఫెదర్స్'. దర్శకుడు ఆయన తమ్ముడు జోల్టాన్. రంగుల్లో తీశారు. సుడాన్ యుద్ధం కథ, అదీ సామ్రాజ్యం సినిమానే, సందేహం లేదు. స్మిత్ అందులో రిటైరైన జనరల్ బరోస్, హీరోయిన్ తండ్రి. ఈ జనరల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే చాలు, క్రిమియాలో తను ఆడిన బలక్లావా యుద్ధం చెప్పకుండా వదలడు. బల్ల మీద పళ్లూ కాయలూ అన్నీ సైన్యాలే. వాల్‌నట్స్ రష్యన్ ఫిరంగులు. అనాసపండు సేనాధిపతి. వైన్‌లో వేలు ముంచి బల్ల మీద గీత గీస్తే అది బ్రిటిష్ పదాతి దళం, ఎర్ర కోటుల వరస. తన రెజిమెంటు ముందు తను, ముందుకి ఉరికి గెలిపించింది కూడా తనే. ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి వింటున్నారు.

చివర్లో హీరో హ్యారీ ఫేవర్‌షామ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటాడు. పెద్దాయన మళ్లీ వాల్‌నట్స్ సర్దుతాడు. కుర్రాడు ఈసారి మధ్యలో ఆపి అసలు జరిగింది చెప్పేస్తాడు. జనరల్ "ఛార్జ్" అననే లేదు. తుపాకీ గుండు శబ్దానికి ఆయన గుర్రం బెదిరి ముందుకి పరిగెత్తింది, మిగతావాళ్లు దాని వెనక పరిగెత్తారు. అంతే.

అప్పుడు ఆయన ముఖం చూడాలి. డెబ్బై అయిదేళ్ల నటుడు, జీవితమంతా అలాంటి జనరల్ వేషాలే వేసి, తన వేషం మీద తనే జోకు వేయించుకుంటున్నాడు. కోపం వస్తుంది, తర్వాత కథ చేజారిపోతోందన్న దిగులు కనిపిస్తుంది. ఇక ఎవరికి చెప్పుకోవాలి ఈ కథని? వీటన్నిటికీ ఆయన వాడింది కనుబొమ్మలూ రెండు సెకన్ల మౌనమూ.

మిగతాది త్వరగా చెప్పేస్తాను, ప్రొజెక్టర్ అబ్బాయి వాచీ చూసుకుంటున్నాడు. 1944లో బ్రిటిష్ రాజు సర్ బిరుదు ఇచ్చాడు, ఇంగ్లండ్ అమెరికాల స్నేహానికి చేసిన సేవకి. 1948 డిసెంబర్ 20న బెవర్లీ హిల్స్‌లో పోయాడు, ఎనభై అయిదేళ్లు. ఏ జబ్బు అనుకుంటున్నారు? న్యుమోనియా. దక్షిణాఫ్రికాలో తీసుకెళ్లలేకపోయిన జబ్బే దాదాపు అరవై ఏళ్లు ఆగి వచ్చింది. చితాభస్మాన్ని ససెక్స్‌లోని హోవ్‌కి తీసుకెళ్లి తల్లి సమాధిలో ఉంచారు. 'లిటిల్ విమెన్'లో పియానో ఇచ్చే పక్కింటి తాత వేషం వేసిన సినిమా ఆయన పోయాకే విడుదలైంది. అది వచ్చే నెలకి పెట్టుకుందామా, ఆలోచించండి.

ఇప్పుడు 'ది ఫోర్ ఫెదర్స్'లో బల్ల దగ్గరి ఆ రెండు ముక్కలూ, ముందుది, చివరిది, వరసగా వేస్తున్నాం. మాటలు అందకపోయినా కంగారు పడకండి. బల్ల మీద వాల్‌నట్స్ ఎక్కడున్నాయో మాత్రం ముందే చూసుకోండి, అవే రష్యన్లు. అమ్మా, కిటికీ పరదా కొంచెం లాగుతారా. లైట్లు తీసెయ్ బాబూ.